మంచు మీద బండి నడిపిన మెకానిక్

మా తరగతిలో ఢిల్లీ నుంచి బదిలీ మీద వచ్చిన వాళ్లు కొందరున్నారు. బొంబార్డియర్ అనే పేరు వినగానే వాళ్లకు మెట్రో రైలు గుర్తొస్తుంది. ఢిల్లీ మెట్రోలో తిరిగే పెట్టెల్లో చాలావాటిని ఆ పేరున్న కంపెనీయే గుజరాత్‌లో వడోదర దగ్గరి సావ్లీ కర్మాగారంలో తయారుచేసింది. చిన్న ఊళ్లకు తిరిగే రెండు ప్రొపెల్లర్ల క్యూ400 విమానం ఎక్కిన వాళ్లకూ ఆ పేరు తెలుసు. లడఖ్‌లోనో కాశ్మీరులోనో ఉండి వచ్చిన వాళ్లకు మాత్రం మంచు మీద బుర్రుమంటూ దూసుకుపోయే స్నో స్కూటర్ గుర్తుకు వస్తుంది. ఈ మూడూ ఒక్క మనిషి దగ్గర మొదలయ్యాయి. ఆయన రైలు పెట్టె తయారుచేయలేదు, విమానమూ తయారుచేయలేదు. కెనడాలో ఒక పల్లెటూళ్లో మోటారు మెకానిక్. పేరు జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియర్. ఆయన మాతృభాష ఫ్రెంచి కాబట్టి సొంత ఊళ్లో పేరు చివరి అక్షరం పలకరు, బొంబార్డియే అంటారు. మేము మన దేశంలో వాడుకలో ఉన్న పలుకుబడినే ఇక్కడ రాస్తున్నాం.

స్నో స్కూటర్‌ను కనిపెట్టిన వాడు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే ఆయన కథ అయిపోదు. చలి దేశంలో బండికి చక్రాలో పట్టాలో బిగిస్తే సరిపోదు. పొద్దున్నే ఇంజిన్ కదలాలి. అది కదలాలంటే లోపలి నూనె కదలాలి. ఈ చిన్న సంగతి బొంబార్డియర్ జీవితమంతా వెంట వచ్చింది. అందుకే ఆయన గురించి రాస్తూ ఇంజిన్ ఆయిల్ గురించి కూడా రాస్తున్నాం. మన ఇంట్లో మోటార్ సైకిల్‌కూ అది పనికొస్తుంది.

అర్మాండ్ 1907 ఏప్రిల్ 16న క్యూబెక్ రాష్ట్రంలోని వాల్కోర్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఆల్ఫ్రెడ్, తల్లి అన్నా. పిల్లల్లో అతనే పెద్దవాడు. చిన్నప్పుడు పాడైన గడియారాల లోపలి చక్రాలు తీసి బొమ్మ ట్రాక్టర్లకు, బొమ్మ రైలింజన్లకు బిగించి నడిపేవాడు. ఇంట్లో గడియారం కనిపించకపోతే ఎవరిని అడగాలో అందరికీ తెలిసి ఉంటుందని మా ఊహ. పెద్దకొడుకు చర్చి ఫాదరు కావాలని తండ్రి కోరిక. అందుకని షెర్‌బ్రూక్ పట్నంలోని మతపాఠశాలలో చేర్పించాడు. కుర్రవాడి మనసు మాత్రం పుస్తకం మీద కంటే యంత్రాల మీదే ఉండేది.

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా అతను తండ్రి కారు జోలికి పోయేవాడు. ఆ బాధ పడలేక తండ్రి, ఇక బాగుపడదనుకున్న పాత ఫోర్డ్ మోడల్-టి ఇంజిన్ ఒకటి అతనికి ఇచ్చాడు. 1922 డిసెంబరు 31న ఏమైందో క్యూబెక్‌లో చాలామంది పిల్లలకు తెలుసు. అర్మాండ్, తమ్ముడు లియోపోల్డ్ కలిసి రెండు కొయ్య స్లెడ్జిబండ్లను ఒకదాని వెనుక ఒకటి బిగించారు. వెనుక బండి మీద ఆ ఫోర్డ్ ఇంజిన్ పెట్టారు. దానికి కొయ్యతో చెక్కిన పెద్ద విమానపు పంకా తగిలించారు. తమ్ముడు ముందు కూర్చుని బండిని తిప్పాడు, అన్న వెనుక ఇంజిన్ చూసుకున్నాడు. చెవులు పగిలే మోతతో, గుర్రాలను బెదరగొడుతూ ఆ బండి ఊరి వీధిలో దాదాపు కిలోమీటరు దూరం పరుగెత్తింది. అప్పటికి అన్నకు 15 ఏళ్లు. తండ్రికి కొడుకు తెలివి ముచ్చట వేసిందో లేదో గాని, ముసుగు లేకుండా గిర్రున తిరిగే పంకాను చూసి గుండె జారింది. వెంటనే విప్పేయమన్నాడు. విప్పేశారు.

ఆ మోడల్-టి ఇంజిన్ గురించి కొంచెం చెప్పాలి. అందులో ఆయిల్ పంపు ఉండదు. అడుగున నూనె నిలిచి ఉంటుంది. ఇంజిన్ తిరిగేటప్పుడు వెనుకనున్న పెద్ద చక్రం ఆ నూనెను పైకి చిమ్ముతుంది. చిమ్మిన దాంట్లో కొంత ఒక గరాటులాంటి దానిలో పడి, సన్నని గొట్టం గుండా ముందు భాగానికి పారుతుంది. అంటే నూనె పల్చగా ఉండి పారితేనే ముందున్న భాగాలకు అందుతుంది. అందులో నూనె ఎంతుందో చూడటానికి ఇప్పటిలా కొలపుల్ల కూడా లేదు. కింద ఒకదాని పైన ఒకటి రెండు చిన్న కుళాయిలు ఉండేవి. కారు కిందికి దూరి పై కుళాయి తిప్పితే నూనె కారాలి, కారితే నిండుగా ఉన్నట్టు. కింది కుళాయిలోంచి కూడా రాకపోతే ప్రమాదమన్నమాట. మంచులో వెల్లకిలా పడుకుని ఈ పని చేయడం ఎలా ఉంటుందో ఊహించండి.

పైగా ఆ బండిలో గేర్లకూ ఇంజిన్‌కూ ఒకటే నూనె. గట్టి చలిలో నూనె చిక్కబడితే గేర్ల దగ్గరి పలకలు ఒకదానికొకటి అంటుకుపోయేవి. ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్టు చేయబోతే, ఇంజిన్ అందుకోగానే కారు ఆ తిప్పే మనిషి మీదికే నడిచి వచ్చేది. అందుకని తెలిసిన వాళ్లు వెనుక చక్రం ఒకటి జాకీ మీద పైకి లేపి అప్పుడు తిప్పేవారు. మరికొందరు రాత్రే నూనె దింపుకుని ఇంట్లో పెట్టుకుని, పొద్దున పొయ్యి దగ్గర వెచ్చబెట్టి మళ్లీ పోసేవారు. వినడానికి నవ్వొస్తుంది. కాని చలికాలంలో మన ఇళ్లలో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టడమూ, పేరుకున్న నెయ్యి గిన్నెను పొయ్యి పక్కన పెట్టడమూ ఇలాంటివే కదా.

17వ ఏట అర్మాండ్ తండ్రిని ఒప్పించి మతపాఠశాల వదిలాడు. దగ్గరి ఊళ్లో ఒక గ్యారేజీలో పనివాడుగా చేరాడు. ఆ తరువాత మాంట్రియల్ వెళ్లి పగలు గ్యారేజీ పని చేస్తూ, రాత్రుళ్లు యంత్రాల గురించీ విద్యుత్తు గురించీ చదువుకున్నాడు. ఆ పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో ఉండేవి. అతనికి వచ్చింది ఫ్రెంచి. కాబట్టి ఇంగ్లీషు కూడా ఆ పుస్తకాలతోనే నేర్చుకున్నాడు. ఊరు మారినప్పుడల్లా కొత్త భాష పట్టుకునే మనకు ఇది పెద్ద వింతగా అనిపించదు.

1926లో 19 ఏళ్ల వయసులో వాల్కోర్‌కు తిరిగి వచ్చి, తండ్రి ఇచ్చిన అప్పుతో సొంత గ్యారేజీ పెట్టాడు. దొరకని పనిముట్లను తానే తయారుచేసుకునేవాడు. పని బాగా చేస్తాడని పేరు వచ్చింది, కొద్ది ఏళ్లలోనే అప్పు తీర్చేశాడు. 1929లో ఇవాన్ లాబ్రెక్‌ను పెళ్లి చేసుకున్నాడు.

గ్యారేజీకి పని ఎక్కువగా వేసవిలోనే. ఆ రోజుల్లో క్యూబెక్ పల్లెల్లో చలికాలం రోడ్ల మీద మంచు తీసేవాళ్లు లేరు. నవంబరు, డిసెంబరు వచ్చేసరికి కార్లను కొట్టాల్లోకి తోసి, రేడియేటరులో నీళ్లు గడ్డకట్టి పగలకుండా దింపేసి, టైర్లు నేలకు తగలకుండా దిమ్మల మీద నిలబెట్టేవారు. మళ్లీ వసంతం వచ్చేదాకా గుర్రపు స్లెడ్జిబండ్లే గతి. పని లేని ఆ నెలల్లో బొంబార్డియర్ తన ప్రయోగాలు చేసుకునేవాడు. ఒక ఏడాది పంకా, ఒక ఏడాది స్కీలు, ఒక ఏడాది పట్టాలు. గట్టిగా నొక్కుకుపోయిన మంచు మీద ఇవన్నీ నడిచేవి. మెత్తటి తాజా మంచులో మాత్రం కూరుకుపోయేవి. ఇసుకలో నడిచే వాడికి కాలు దిగబడుతుంది, అదే పలక వేసి దాని మీద నిలబడితే దిగబడదు. బరువును వెడల్పుగా పరచాలి. ఆ సూత్రం ఆయనకు తెలుసు. తెలిసినదాన్ని నడిచే బండిగా మార్చడానికే పదేళ్లు పట్టింది.

1934 చలికాలంలో రెండేళ్ల కొడుకు ఇవోన్‌కు కడుపులో అపెండిక్స్ వాచి చీముపట్టింది. ఆపరేషన్ చేయాలి. ఆసుపత్రి షెర్‌బ్రూక్‌లో ఉంది. వేసవిలో కారులో ఎక్కితే ఎంతోసేపు పట్టే దూరం కాదు. కాని దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఉన్నాయి. మంచు మీద నడిచే బండి కోసం పదేళ్లుగా కష్టపడుతున్న మనిషి గ్యారేజీలో, అప్పటికి నడిచే స్థితిలో ఉన్న మంచు బండి ఒక్కటీ లేదు. పిల్లవాడు చనిపోయాడు.

దీని గురించి మేము ఎక్కువ రాయలేం. ఇది చదివిన రోజు మా గుంపులో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. మంచు పడే చోట, దారి మూసుకుపోయే చోట ఉండి వచ్చిన వాళ్లకు ఇది తెలియని భయం కాదు.

ఆ తరువాత ఏడాది తిరగకుండానే ఆయన ప్రయోగం ఒక కొలిక్కి వచ్చింది. రబ్బరు తొడిగిన పళ్ల చక్రం ఒకటి, దాని చుట్టూ తిరిగే పట్టా ఒకటి. రెండు రబ్బరు బెల్టుల మధ్య ఇనప కడ్డీలు అడ్డంగా బిగిస్తే పట్టా అవుతుంది. చక్రం పళ్లు ఆ కడ్డీలను పట్టుకుని పట్టాను తిప్పుతాయి. చక్రానికి రబ్బరు తొడుగు ఉండటం వల్ల మంచు అంటుకుని గడ్డకట్టదు. ముందువైపు టైర్ల బదులు స్కీలు. దీనికి 1937 జూన్ 29న ఆయనకు కెనడా పేటెంటు వచ్చింది. ఆ బండికి బి7 అని పేరు పెట్టాడు. బి అంటే బొంబార్డియర్, 7 అంటే ఏడుగురు కూర్చోవచ్చని. ఇంజిన్ వెనుక వైపు ఉంటుంది, లోపల వెచ్చగా ఉంటుంది. కొన్నవాళ్లు ఎవరనుకున్నారు? పల్లెటూళ్లు తిరిగే డాక్టర్లు, పశువైద్యులు, హోటళ్లవాళ్లు, చర్చి ఫాదర్లు, టపా తీసుకుపోయేవాళ్లు. ఆ బండ్లు కొన్నిచోట్ల అంబులెన్సులుగానూ తిరిగాయి.

కొన్నవాళ్లు డాక్టర్లు కాబట్టి బండి అర్ధరాత్రి పిలుపు వచ్చినా కదలాలి. ఇక్కడ మళ్లీ నూనె మాట వస్తుంది. ఇప్పుడు దుకాణంలో దొరికే ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ-30 అనో 20డబ్ల్యూ-40 అనో ఉంటుంది. మీ నాన్నగారి బండి ఆయిల్ డబ్బా ఒకసారి తిప్పి చూడండి. ఆ డబ్ల్యూ అంటే ఇంగ్లీషులో చలికాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆ నూనె అంత ఎక్కువ చలిలో పారుతుంది. వెనకున్న అంకె ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు నూనె ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. అంటే ఒకే నూనె చలికీ వేడికీ తగినట్టు పనిచేస్తుంది. 1930లలో మామూలు మనిషికి అటువంటి నూనె దొరికేది కాదు. వేసవికి చిక్కటిది, చలికాలానికి పల్చటిది విడివిడిగా పోసుకోవాల్సిందే. చలికాలం మొదటి మంచు పడకముందే మార్చుకున్నవాడి బండి కదిలేది. రేపు చూద్దాంలే అనుకున్నవాడి బండి గట్టిపడిన నూనెలో చిక్కుకుని, బ్యాటరీ అయిపోయేదాకా మూలిగి ఊరుకునేది.

నూనె చేసే పని ఏమిటని మా సైన్సు తరగతిలో ఒకసారి చర్చ వచ్చింది. ఇనుము ఇనుముతో రాసుకోకుండా మధ్యలో సన్నని పొరలా నిలబడటం మొదటి పని. పిస్టన్ దగ్గరి వేడిని కొంత మోసుకుపోవడం రెండోది. అరుగుదల పొడినీ మసినీ తనలో కలుపుకుని ఫిల్టరు దాకా చేర్చడం ఇంకొకటి. నల్లబడిన ఆయిల్‌ను చూసి పాడైపోయిందని మనం ముక్కు విరుస్తాం గాని, నల్లబడటమంటే అది తన పని చేసిందన్నమాటే. ఆలస్యం చేయకుండా మార్చడం మన వంతు. చలిలో ఇంకో ఇబ్బంది ఉంది. బండిని రోజూ కొద్ది దూరమే నడిపి ఆపేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరైపోక నూనెలో కలుస్తుంది. మూత తీసి చూస్తే లోపల మజ్జిగ నురగలాంటిది అంటుకుని ఉంటుంది. అప్పుడప్పుడు కొంచెం దూరం నడిపితే అది పోతుంది.

ఇక ఆయన కథలోకి వద్దాం. పన్నెండుమంది ఎక్కే బి12 వచ్చింది. 1942లో కంపెనీ రిజిస్టరు అయింది. ఆ తరువాత ఇంకా పెద్దది, సి18 అనేది వచ్చింది. దానిలో పల్లెటూరి పిల్లలను బడికి తీసుకుపోయేవారు. గుండ్రని కిటికీలున్న ఆ బండి ఫొటోలు చూస్తే నేల మీద నడిచే జలాంతర్గామిలా ఉంటుంది. చలికాలంలో బడి మానేయడానికి ఉన్న మంచి సాకు పోయిందని ఆ పిల్లలు ఆయన్ని తిట్టుకున్నారో ఏమో. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం సైన్యానికి మంచు బండ్లు అడిగింది, చేసి ఇచ్చాడు. యుద్ధకాలంలో మామూలు జనం బండి కొనాలంటే అది తప్పనిసరి అవసరమని రుజువు చూపాల్సి వచ్చేది.

తరువాత వచ్చిన దెబ్బ విచిత్రమైనది. 1948లో క్యూబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా చలికాలంలో మంచు తీయించాలని చట్టం చేసింది. జనానికి ఎంత మేలు! ఆసుపత్రికి దారి తెరుచుకుంది. కాని దారి తెరుచుకుంటే ఆయన బండ్లు ఎవరు కొంటారు? ఒక్క ఏడాదిలో అమ్మకాలు దాదాపు సగానికి పడిపోయాయి. తన కొడుకును బలిగొన్న కష్టం ఊళ్లకు తీరడం, తన వ్యాపారం కుంగడం ఒకేసారి జరిగాయి. ఆయన చట్టాన్ని ఎదిరిస్తూ కూర్చోలేదు. రోడ్లు లేని చోట్లు వెతికాడు. అడవులు, బురద నేలలు, గనులు, నూనె బావుల ప్రాంతాలు. 1953లో మస్కెగ్ అనే పట్టాల ట్రాక్టరు తెచ్చాడు. మస్కెగ్ అంటే కెనడాలో బురద అడవి నేలకు వాడే మాట. ఆ బండి బాగా పనికొచ్చింది, కంపెనీ నిలబడింది.

ఇన్నేళ్లలో ఆయన మనసులో మొదటినుంచీ ఉన్నది ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి. కాని చిన్న బండికి తేలికైన ఇంజిన్ కావాలి. బరువైన ఇంజిన్ పెడితే మంచులో దిగబడిపోతుంది. 1950ల చివరికి తేలికైన చిన్న ఇంజిన్లు దొరకసాగాయి. పెద్దకొడుకు జెర్మేన్‌తో కలిసి అతుకులేని రబ్బరు పట్టా తయారుచేశారు. 1959లో ఆ చిన్న బండి బయటికి వచ్చింది. మొదటి నమూనాల్లో ఒకదాన్ని ఉత్తర అంటారియోలో ఆదివాసుల మధ్య పనిచేస్తున్న తన స్నేహితుడు, ఫాదర్ మారిస్ ఉయిమే దగ్గరికి తీసుకుపోయి ఇచ్చాడు. అక్కడ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కుక్కలు లాగే బండ్లే ఆధారం. కుక్కల బదులుగా వాడే స్కీ బండి కాబట్టి దీనికి స్కీ-డాగ్ అని పేరు అనుకున్నారట. అది ఎక్కడో ఒక అక్షరం మారి స్కీ-డూ అయిందని చెబుతారు. ఆ పేరే నిలిచింది. పసుపు రంగు వేశారు. మొదటి సీజనులో 225 బండ్లు అమ్ముడయ్యాయి. ఒక్కోటి 900 డాలర్లు.

మొదటి స్కీ-డూలో ఉన్నది 7 అశ్వశక్తుల ఫోర్-స్ట్రోక్ ఇంజిన్. కొద్ది ఏళ్లలోనే ఆస్ట్రియా దేశపు రోటాక్స్ కంపెనీ టూ-స్ట్రోక్ ఇంజిన్లు వచ్చాయి. మన తాతల కాలపు రాజ్‌దూత్, యెజ్డీ బండ్లు, పాత బజాజ్ స్కూటర్లు కూడా టూ-స్ట్రోకే కాబట్టి ఇది మనకు దగ్గరి సంగతి. ఫోర్-స్ట్రోక్ ఇంజిన్‌లో నూనె అడుగున నిల్వ ఉండి మళ్లీ మళ్లీ తిరుగుతుంది. టూ-స్ట్రోక్‌లో అలా నిల్వ ఉండే చోటు లేదు. పెట్రోలుతో పాటే కొంచెం నూనె లోపలికి పోయి, భాగాలను తడిపి, కాలిపోయి, నీలం పొగగా బయటికి పోతుంది. అందుకే పెట్రోలు బంకులో స్కూటరు వాళ్లు లీటరుకు ఇంతని టూ-టీ ఆయిల్ కలిపించుకునేవారు. స్కూటర్లకు లీటరుకు సుమారు 20 మిల్లీలీటర్లు. ఎక్కువైతే ప్లగ్గు మసిబారి బండి మొరాయిస్తుంది. తక్కువైతే పిస్టన్ వేడెక్కి సిలిండరులో పట్టేస్తుంది. హైదరాబాదు రోడ్డు మీద అలా పట్టేస్తే బండిని తోసుకుంటూ మెకానిక్ షెడ్డుకు పోవచ్చు. జనం లేని మంచు మైదానంలో, మైనస్ 30 డిగ్రీల చలిలో అది పట్టేస్తే నడిచి ఇంటికి రావడం కుదరదు. కుక్కలు అలిసిపోతే కాసేపు ఆగి లేస్తాయి, ఇంజిన్ అలా లేవదు. వేటగాళ్లు కుక్కలను వదిలి స్కీ-డూ కొన్నప్పుడు వాళ్లు నేర్చుకోవాల్సిన కొత్త పని ఇదే. నూనె కొలిచి కలపడం, చలిలో బాగా కలిసేదాకా డబ్బాను కుదపడం, అదనంగా ఒక ప్లగ్గు, ఒక బెల్టు వెంట పెట్టుకోవడం.

మంచు బండికి ఇంకో తంతు ఉంది. అది ఏడాదిలో సగం రోజులు పని లేకుండా పడి ఉంటుంది. వేసవికి పక్కన పెట్టే ముందు సిలిండరులోకి ఒక రకం నూనె తుంపరలా కొట్టి గోడలకు పొర పట్టిస్తారు. లేకపోతే లోపల తుప్పు పడుతుంది. పట్టాను తిప్పే గొలుసు పెట్టెలో నూనె వేరు, అదీ మార్చాలి. పట్టా మరీ బిగువుగా ఉండకూడదు, వదులుగానూ ఉండకూడదు. ఎలుకలు గూడు కట్టకుండా గాలి పోయే దారులు మూస్తారు. ఈ పని చలికాలం అయిపోగానే చేయాలి. మళ్లీ మంచు పడ్డాక కాదు.

ఇది చదివినప్పుడు మాకు మా బదిలీలే గుర్తొచ్చాయి. ఆర్డరు రాగానే నాన్న బండి రైలు పార్శిలులో వేస్తారు. పెట్రోలు పూర్తిగా దింపి, గోనెసంచులు చుట్టి, పేరూ ఊరూ రాసి పంపుతారు. అది కొత్త ఊరికి చేరి, మనకు క్వార్టరు దొరికి, బండిని బయటికి తీసేసరికి ఒక్కోసారి నెల దాటుతుంది. అప్పుడు పెట్రోలు పోసి వెంటనే కిక్ కొట్టాలని అందరికీ ఆత్రమే. కాని ముందు ఆయిల్ చూడాలి. బండిని చదునైన చోట సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, కొద్దిసేపు ఇంజిన్ నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి చూస్తే సరైన కొలత తెలుస్తుంది. పక్క స్టాండు మీద వాలి ఉన్నప్పుడు చూస్తే తప్పు చూపిస్తుంది. వేడి ఊరి నుంచి చలి ఊరికి వచ్చి ఉంటే ఆయిల్ రకం కూడా మార్చాలేమో బండితో ఇచ్చిన పుస్తకంలో చూడాలి. ఇంకొక సంగతి. చాలా మోటార్ సైకిళ్లలో ఇంజిన్‌కూ గేర్లకూ క్లచ్చి పలకలకూ ఒకటే నూనె, పాత మోడల్-టి లాగే. అందుకని కారు కోసం మిగిలిన మంచి ఆయిల్ కదా అని బైకులో పోయకూడదు. కార్ల నూనెల్లో కొన్నిటిలో జారుడు ఎక్కువ చేసే మందులు ఉంటాయి. వాటితో క్లచ్చి జారిపోతుంది. బైకుల ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అనే గుర్తు ఉంటుంది, అది చూసి కొనాలి.

స్కీ-డూ అమ్మకాలు ఏటా పెరుగుతూ పోయాయి. బొంబార్డియర్ దాన్ని వేటగాళ్లకు, ఫాదర్లకు, అడవి పనివాళ్లకు పనిముట్టుగా తయారుచేశాడు. జనం దాన్ని సరదాకు కూడా కొనడం మొదలుపెట్టారు. 1963-64 సీజనులో 8,000 దాటి అమ్ముడయ్యాయి. ఆ సీజను ముగియకముందే, 1964 ఫిబ్రవరి 18న ఆయన కాన్సరుతో కన్నుమూశాడు. 56 ఏళ్లే. అప్పటికి ఆయన పేరున నలభైకి పైగా పేటెంట్లు ఉన్నాయి.

ఆ తరువాతి కథ చాలా పెద్దది, ఆయన చూడనిది. 1970లో ఆయన కంపెనీ రోటాక్స్‌ను కొనేసింది. కొన్నేళ్లకు కాన్-ఆమ్ అనే పేరుతో మోటార్ సైకిళ్లు కూడా తయారుచేసింది. మంచు బండి కోసం మొదలైన స్నేహం వల్ల రోటాక్స్ ఇంజిన్ మోటార్ సైకిళ్లలోకి కూడా బాగా పాకింది. జర్మనీ వాళ్ల బీఎండబ్ల్యూ ఎఫ్650 బైకులో ఉన్నది కూడా రోటాక్స్ ఇంజినే. రైళ్లు, విమానాలు ఆ తరువాత వచ్చాయి. మన సైన్యం సియాచిన్ మంచు మీద స్నో స్కూటర్లు వాడుతుంది. గుల్‌మార్గ్‌లో డబ్బులిచ్చి ఎక్కి తిరిగి వచ్చిన వాళ్లు మా తరగతిలోనే ఇద్దరున్నారు.

వాల్కోర్‌లో ఇప్పుడు ఆయన పేరుతో ఒక మ్యూజియం ఉంది. 1926లో పెట్టిన ఆ చిన్న గ్యారేజీని కూడా అక్కడ భద్రంగా నిలబెట్టారు. ఆయన వాడిన పనిముట్లు చూడొచ్చు. మంచు ఎక్కువగా పడే ఆ ఊళ్లో చలికాలమంతా వీధుల్లో ఇప్పుడు మంచు తీసే యంత్రాలు తిరుగుతుంటాయి, షెర్‌బ్రూక్ ఆసుపత్రికి దారి తెరిచే ఉంటుంది.